నాలుగో గడిలో సూర్యుడు

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. బైబిల్లో సృష్టి కథ చెప్పే ఆదికాండం మొదటి అధ్యాయం చదువుతూ ఆగి, "సూర్యుణ్ణి నాలుగో రోజు చేస్తే, మొదటి మూడు రోజులకీ సాయంత్రం ఎలా అయింది నాన్నా?" అని అడిగాడు. అది అక్షరాలా రోజుల లెక్క కాకపోవచ్చురా అన్నాను. పక్కనే ఉన్న సంఘ పెద్ద ఒకాయనకు కోపం వచ్చింది. "ఇవాళ ఇది అలంకారం అంటావు, రేపు యేసు చనిపోయి తిరిగి లేచిన పునరుత్థానమూ అలంకారమే అంటావు" అన్నారు. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. నేను తప్పు చెప్పానా మాస్టారూ?

జవాబు: మీ వాడి ప్రశ్న చాలా పాతది. సూర్యచంద్రులు లేకుండా మొదటి మూడు రోజులకు ఉదయం, సాయంత్రం ఉన్నాయని బుద్ధి ఉన్నవాడెవడు అనుకుంటాడని 3వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెన్ అడిగాడు. ఆయన నాస్తికుడు కాదు, జీవితమంతా లేఖనాలకే ధారపోసిన మనిషి.

మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని బోల్తా పడటం సువార్తల్లోనే కనిపిస్తుంది. పరిసయ్యులనే మతపెద్దల బోధను మనసులో పెట్టుకుని, వాళ్ల పులిసిన పిండి విషయంలో జాగ్రత్త అని యేసు అంటే, రొట్టెలు తేలేదనే కాబోలు అని శిష్యులు తమలో తాము అనుకున్నారు. మత్తయి 16లో ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వాగదు. మళ్లీ పుట్టాలని యేసు అంటే, తల్లి కడుపులోకి ఎలా వెళ్తామన్నాడు నీకొదేము అనే పరిసయ్యుడు. జీవజలం ఇస్తానని బావి దగ్గర యేసు అనగానే, చేదడానికి నీ దగ్గర ఏమీ లేదే, బావి చూస్తే లోతు అంది సమరయ స్త్రీ. పాపం, ఆమెది న్యాయమైన అనుమానమే.

అలాగని మీ పెద్దాయన భయాన్ని తీసిపారేయను. దానికి జవాబు తొలి సంఘాలకు పత్రికలు రాసిన పౌలు దగ్గరుంది. గలతీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో అబ్రాహాము దాసి హాగరు, భార్య శారాల కథను దేవుడి రెండు నిబంధనలుగా, అంటే ఒడంబడికలుగా చెబుతూ "ఈ సంగతులు అలంకార రూపకముగా చెప్పబడియున్నవి" అంటాడు. అదే పౌలు 1 కొరింథీయులు 15లో పునరుత్థానం దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుస్తాడు. తిరిగి లేచిన యేసు కేఫాకు, అంటే పేతురుకు కనబడ్డాడు, పన్నెండుగురు శిష్యులకు కనబడ్డాడు, 500 మందికి పైగా సోదరులకు ఒకేసారి కనబడ్డాడు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా ఉన్నారు అంటాడు. అలంకారం చెప్పేవాడు బతికున్న సాక్షుల ఊసెత్తడు కదా! ఒక చోట అలంకారం అన్నంత మాత్రాన అన్నీ కొట్టుకుపోవు.

హద్దు మీరిన అలంకారాలూ లేకపోలేదు. దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఆదుకుని పూటకూళ్ల ఇంట్లో చేర్చిన మంచి సమరయుడి కథలో గాయపడ్డవాడు ఆదాము, పూటకూళ్ల ఇల్లు సంఘం, ఆ ఇంటాయన పౌలు అన్నాడు పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్. అంతటివాడు చెప్పినా నాకు మింగుడుపడదు. "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అని యేసు అంటుంటే, మనం పూటకూళ్లాయన ఎవరా అని ఆరాలు తీయడమేమిటి?

ఇక మీ అబ్బాయి సంగతి. నేను సండే స్కూల్ చెప్పిన కొత్తలో ఏడు గడుల చార్టు గీసి, నాలుగో గడిలో పసుపు కాగితం సూర్యుణ్ణి అంటించాను. ఒక పిల్ల వచ్చి గోటితో దాని అంచు లేపుతోంది. ఏం చేస్తున్నావే అంటే, "మొదటి గడిలో పెడతా మాస్టారూ, లేకపోతే చీకటి కదా" అంది. ఇలాంటి ప్రశ్నలు దేవుడికి ఇష్టం ఉండవని కసిరాను. ఆ పిల్ల ఆ తర్వాత నన్ను ఇంకేమీ అడగలేదు. చార్టు మాత్రం చాలాకాలం గోడమీదే ఉంది, సూర్యుడి అంచు లేచిపోయి.

ఇప్పుడైతే ఇలా చెబుతాను. ఆ అధ్యాయంలో సూర్యుడు, చంద్రుడు అన్న పేర్లే లేవు, "పెద్ద జ్యోతి", "చిన్న జ్యోతి" అని ఉంటుంది. చుట్టుపక్కల జనం సూర్యుణ్ణి దేవుడని మొక్కుతున్న కాలమది. ఇక్కడ ఆ సూర్యుడు నాలుగో రోజున వెలిగించిన దీపం, అంతే. పైగా మొదటి మూడు రోజుల్లో గదులు కట్టినట్టుంటుంది, తర్వాతి మూడు రోజుల్లో వాటిని నింపినట్టుంటుంది. వెలుగు చీకట్ల గదికి జ్యోతులు, ఆకాశానికీ నీళ్లకీ పక్షులు, చేపలు, నేలకి జంతువులు, మనుషులు.

ఒక కాగితాన్ని నిలువుగా మధ్యకి మడిచి, ఎడమవైపు ఒకటి, రెండు, మూడు, కుడివైపు నాలుగు, ఐదు, ఆరు అని వేసి మీ వాడి చేతికివ్వండి. ఏది ఎక్కడ రాయాలో అధ్యాయం చూసి వాణ్ణే రాయనివ్వండి. ఆ పెద్దాయన మళ్లీ వస్తే ఆయన్నీ పక్కన కూర్చోబెట్టండి.