ఉల్క ఆరేలోగా చేరే ప్యాకెట్

చిరంజీవికి ఆశీస్సులు.

బెంగళూరులో మీ అపార్ట్‌మెంట్ మేడ మీద నుంచి విశాఖలో ఉన్న నీ స్నేహితుడికి ఉల్కల మీదుగా హ్యామ్ రేడియోతో ప్యాకెట్లు (చిన్న డిజిటల్ సందేశాలు) పంపాలనుకోవడం బాగుంది. దూరం దాదాపు 800 కిలోమీటర్లు, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. చెన్నై దగ్గరే కదా, అక్కడితో మొదలుపెడదాం అనుకోకు. 300 కిలోమీటర్లకు యాంటెన్నా బాగా పైకి చూడాలి, ఫలితం తక్కువ. అటు 2,200 దాటితే భూమి వంపు అడ్డమొస్తుంది.

నీ ఉత్తరంలో ముప్పావు వంతు ఆంప్లిఫయర్ గురించే ఉంది. దాన్ని పక్కన పెట్టు. ఇక్కడ తక్కువయ్యేది వాట్లు కాదు, సమయం. ఉల్క 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో మండి అయాన్ల (విద్యుదావేశమున్న కణాల) చార వదులుతుంది. నీ రేడియో తరంగం దానికి తగిలి అవతలివాడి వైపు మళ్లుతుంది. ఆ చార చెదిరిపోయేలోగా నీ ఫ్రేమ్, అంటే ఒక ప్యాకెట్ మొత్తం, మొదటి బిట్టు నుంచి చివరి బిట్టు దాకా అవతలికి చేరాలి. 144 మెగాహెర్ట్జ్‌లో ఎక్కువ పింగ్‌లు (ఒక్కో చార మీదుగా క్షణకాలం వినబడే సంకేతాలు) సెకనులో పదో వంతుకే ఆరిపోతాయి. చిన్న ఉల్కల విషయంలో చార నిలిచే కాలం తరంగదైర్ఘ్యం వర్గాన్ని బట్టి ఉంటుంది. అందుకే అదే ఉల్క 50 మెగాహెర్ట్జ్‌లో సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువసేపు వినిపిస్తుంది. కాబట్టి ఆ 50 మెగాహెర్ట్జ్‌నే, అంటే ఆరు మీటర్ల బ్యాండే పట్టుకో. నీ లైసెన్సు గ్రేడుకు ఆ బ్యాండు ఉందో లేదో, శక్తి పరిమితి ఎంతో ముందు చూసుకో. ఇద్దరి లైసెన్సులూ చూడాలి, నీదొక్కటే కాదు.

ఇప్పుడు ఫ్రేమ్ లెక్క. హ్యామ్ ప్యాకెట్ల నియమావళి ఏఎక్స్.25లో రెండు కాల్‌సైన్లకు (స్టేషన్ల పేర్లకు) 14 బైట్లు, ఫ్రేమ్ రకం చెప్పే కంట్రోల్, పీఐడీ చెరొకటి, తప్పులు పట్టే చెక్‌సమ్ 2, మొదలు, చివర గుర్తుగా రెండు ఫ్లాగులు, మొత్తం 20. నీ మాట 10 అక్షరాలైతే 30 బైట్లు, అంటే 240 బిట్లు. 1200 బాడ్‌లో (సెకనుకు 1200 బిట్లు) 200 మిల్లీసెకన్లు, మధ్యలో అదనపు బిట్లు చొప్పించే బిట్ స్టఫింగ్‌తో ఇంకాస్త. ఏపీఆర్‌ఎస్ (స్టేషన్ల చోటు, చిన్న కబుర్లు పంచే ప్యాకెట్ వ్యవస్థ) అలవాటుతో రెండు డిజిపీటర్ల (విన్న ప్యాకెట్‌ను మళ్లీ పంపే స్టేషన్ల) దారి, 60 అక్షరాల కామెంటు తగిలించావంటే అదే ఫ్రేమ్ 94 బైట్లవుతుంది, 630 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ పొడవును మోయగల పింగ్ చాలా అరుదు. దారి ఖాళీగా ఉంచు, డిజిపీటర్లను పిలిచే వైడ్ అనే మాట ఒక్కటి కూడా వద్దు. స్టేషన్ ఉన్న చోటు పంపాలంటే మైక్-ఈ అనే కుదించిన రూపం వాడు: అక్షాంశం గమ్యం అడ్రసులోనే ఇమిడిపోతుంది, సమాచారానికి 9 బైట్లు చాలు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పింగ్ నీ ఫ్రేమ్ మొదలయ్యే క్షణం చూసుకుని రాదు. ఫ్రేమ్‌లు ఒకదాని వెనక ఒకటి ఎడం లేకుండా వెళ్తున్నప్పుడు 200 మిల్లీసెకన్ల పింగ్‌లో పూర్తి ఫ్రేమ్ పడితే అదృష్టమే. కచ్చితంగా ఒకటి దక్కాలంటే పింగ్ ఫ్రేమ్‌కు రెట్టింపు ఉండాలి, అంటే 400. ఫ్రేమ్‌లో పది బైట్లు కోస్తే ఆ గడప 130 మిల్లీసెకన్ల పైచిలుకు దిగుతుంది. ఏ ఆంప్లిఫయరూ ఈ సాయం చేయదు. ఒక్క బిట్టు తప్పినా చెక్‌సమ్ మొత్తం ఫ్రేమ్‌ను పారేస్తుందని కూడా గుర్తుంచుకో.

ప్రతి ఫ్రేమ్‌కూ అవతలి నుంచి ఆమోదం కోరే కనెక్టెడ్ మోడ్ జోలికి పోకు. ఫ్రేమ్ వెళ్లాక దానికి ఆమోదం అదే పింగ్‌లో తిరిగిరావాలంటే రేడియోలు ప్రసారం నుంచి శ్రవణానికి మారేలోపే చార పోతుంది. ఆమోదం అడగని యూఐ ఫ్రేమ్‌లే పంపు. అమెరికా వ్యవసాయ శాఖవాళ్ల స్నోటెల్ మంచు కొలతల వ్యవస్థ 40 మెగాహెర్ట్జ్ దగ్గర ఏళ్ల తరబడి ఉల్కల మీదే నడిచింది. అక్కడ మాస్టర్ స్టేషన్ ఆగకుండా పిలుస్తుంటే, పిలుపు వినబడ్డ కొండ మీది పెట్టె వెంటనే తన లెక్క అప్పజెప్పేది. మన రేడియోలకు అంత చురుకుదనం లేదు. మీరిద్దరూ వంతులు వేసుకోండి: నిమిషంలో మొదటి 15 సెకన్లు నువ్వు, తర్వాతి 15 అతను, అలాగే మళ్లీ. రెండు కంప్యూటర్ల గడియారాలనూ ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ సమయంతో) సరిచేయండి. ప్యాకెట్‌కు మిల్లీసెకన్ల కచ్చితత్వం అక్కర్లేదు గానీ, ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎవరికీ వినబడదు.

సాఫ్ట్‌వేర్‌కు డైర్ వుల్ఫ్ చాలు, సౌండు కార్డుతో ప్యాకెట్లు పంపి వినేది అదే. రేడియో ప్రసారానికి లేచాక డేటా మొదలయ్యే దాకా ఆగే సమయం టీఎక్స్‌డిలే. దాని లెక్క పదేసి మిల్లీసెకన్లలో ఉంటుంది, మామూలుగా 30, అంటే 300 మిల్లీసెకన్లు. ఒక్కో ఫ్రేమ్‌కూ రేడియోను ఎత్తి దించితే ఆ 300 మిల్లీసెకన్లు ప్రతిసారీ దండగ. చిన్న స్క్రిప్టు రాసి కిస్ పోర్టులోకి (వేరే ప్రోగ్రాములు డైర్ వుల్ఫ్‌కు ఫ్రేమ్‌లు అందించే ద్వారంలోకి) ఫ్రేమ్‌లను ఒక్కసారే వరసగా తోసెయ్. అప్పుడు పీటీటీ (ప్రసారపు మీట) ఒకసారే లేస్తుంది, మధ్యలో ఫ్లాగులే ఉంటాయి. వినేటప్పుడు ఆడియో లెవల్ 50 దగ్గర పెట్టుకో. బిట్లు సరిదిద్దే ఫిక్స్ బిట్స్‌ను సున్నా చెయ్: రోజంతా హోరు వినే చోట అది లేని స్టేషన్లను పుట్టిస్తుంది. ఎఫ్‌ఎక్స్.25 దోష సవరణ మీద మోజు పడకు. దాని అతి చిన్న బ్లాకు కూడా గుర్తింపు ట్యాగుతో కలిపి 56 బైట్లు, నీ 30 కాస్తా దాదాపు రెట్టింపు. ఏఎక్స్.25కు బదులుగా వాడే ఐఎల్‌2పీ రూపంలో హెడర్ (ముందుండే అడ్రసుల భాగం) పొదుపుగా ఉంటుంది, కొద్దిపాటి సవరణ ఉన్నా పొడవు పెరగదు. అవతలివాడు కూడా పెట్టుకుంటే అది వాడొచ్చు.

సంకేతం లేనప్పుడు హోరును నొక్కేసే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరిచి ఉంచు. ఎన్ని స్టేషన్లలో మిగతావన్నీ సరిగ్గా ఉండి ఇదొక్కటే పనిని పాడుచేస్తుందో! స్క్వెల్చ్ తెరుచుకునేలోపు పింగ్ ముందు భాగం పోతుంది, ఫ్రేమ్‌కు తల ఉండదు. 9600 బాడ్‌కు వెళ్తే అదే ఫ్రేమ్ 25 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది. కానీ మైకు, స్పీకరు తీగలతో అది నడవదు, వెనక డేటా పోర్టు కావాలి, సంకేతం కూడా మరింత బలంగా ఉండాలి. 1200తో అందిన తర్వాతే ఆ వైపు చూడు.

యాంటెన్నా నాలుగు ఎలిమెంట్ల (కడ్డీల) యాగీ, ఒక వైపుకే గురిపెట్టే రకం. ఇద్దరిదీ ఒకే ధ్రువణం: అడ్డంగా పెట్టాలనుకుంటే ఇద్దరూ అడ్డంగానే. ఇంతకంటే పొడుగు యాగీ వద్దు. ఉల్కలు సరిగ్గా సరళరేఖ మీదే పడవు, దానికి రెండు పక్కలా పడతాయి, సన్నని కిరణం వాటిని వదిలేస్తుంది. నీ నుంచి విశాఖ ఈశాన్యంగా, ఉత్తరం నుంచి సుమారు 49 డిగ్రీలు. మధ్య బిందువు మీది చార నీకు దిగంతం నుంచి 12 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, యాగీని పైకి వంచక్కర్లేదు. మేడ మీద 3 మీటర్ల గొట్టం చాలు. ఇంకా ఎత్తుకు పోతే లోబ్‌లు (యాంటెన్నా కిరణపు పాయలు) చీలి మధ్యలో గుంటలు పడతాయి. కేబుల్ 20 మీటర్లయితే ఆర్‌జీ-58 ఈ బ్యాండులో రెండు డెసిబెల్స్ మింగుతుంది. అంతకంటే లావైన ఆర్‌జీ-213 కేబుల్ తెచ్చుకో, మీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలున్న ఎస్‌పీ రోడ్డులో అడిగి చూడు.

ఆరు మీటర్లలో ఊరి హోరే అసలు శత్రువు. లిఫ్టు మోటారు డ్రైవు, మెట్ల దారిలో ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, చౌకరకం ఛార్జర్లు. మీ ఫ్లాటు మెయిన్ స్విచ్ ఆపి, రేడియోను బ్యాటరీ మీద పెట్టి విను. హోరు తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క బ్రేకరే వేస్తూ పట్టుకో, ఆ తీగను హోరును మింగే 31 రకం ఫెర్రైట్ రింగు మీద ఐదారు చుట్లు చుట్టు.

వేళ తెల్లవారుజామే. ఆరు గంటల ప్రాంతంలో మన వైపు భూమి తన దారిలో ముందుకు చూస్తుంటుంది, ఉల్కలు ఎదురొచ్చి తగులుతాయి. సాయంత్రం ఆరుకు అతి తక్కువ. పెద్ద ఉల్కావర్షాల్లో డిసెంబరు 13-14 రాత్రి జెమినిడ్లు నీకు బాగా కలిసొస్తాయి. వాటి రేడియంట్ (ఉల్కలు వచ్చినట్లు కనిపించే ఆకాశ బిందువు) రాత్రి రెండు దాటాక నడినెత్తికి ఉత్తరాన ఉంటుంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య వాయవ్యానికి దిగి, మీ దారికి దాదాపు లంబంగా వస్తుంది. అదే అసలు సమయం, అర్ధరాత్రి కాదు. ఆగస్టులో వచ్చే పెర్సీడ్ల రేడియంట్ బెంగళూరు అక్షాంశానికి 45 డిగ్రీలు మించి లేవదు. మే మొదటి వారపు ఈటా అక్వేరిడ్లు బాగుంటాయి, కానీ అప్పుడు సాయంత్రాలు పిడుగులు. కోయాక్స్‌ను రేడియో నుంచి ఊడదీసి కిటికీ బయట పడేసి పడుకో.

మోసపోయే చోట్లు మూడు. సంకేతం నిమిషాల తరబడి నిలిస్తే అది మే, జూన్‌లలో వచ్చే స్పొరాడిక్-ఈ, అంటే పై వాతావరణంలో అప్పుడప్పుడు ఏర్పడే అయాన్ల పొర. నెమ్మదిగా ఊగుతూ స్వరం జారితే అది దేవనహళ్లిలో దిగే విమానం. 53 మెగాహెర్ట్జ్ చుట్టూ చప్పుడు వినబడితే తిరుపతి దగ్గర గాదంకిలోని ఎంఎస్‌టీ వాతావరణ రాడార్ కావచ్చు, ఆ పక్కకు పోకు. మీ ఇద్దరి ఫ్రీక్వెన్సీ కూడా ఎవరూ వాడని చోట ఎంచుకోండి. ఎప్పుడైనా 144 బ్యాండుకు వెళ్తే, 145.825 మెగాహెర్ట్జ్‌లో అంతరిక్ష కేంద్రపు డిజిపీటర్ ఉంటుంది. ఏపీఆర్‌ఎస్ చానల్‌లోనూ, అక్కడా 15 సెకన్లు ఆగకుండా కుమ్మరించడం తప్పు.

ప్యాకెట్‌కు ముందు ఒక తెల్లవారుజాము డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే హ్యామ్ సాఫ్ట్‌వేర్‌లో, ఉల్కల కోసమే చేసిన ఎంఎస్‌కే144 పద్ధతితో ప్రయత్నించండి. దాని ఫ్రేమ్ 72 మిల్లీసెకన్లే, బలహీన పింగ్‌లనూ పట్టుకుంటుంది. గంటలో అది ఒక్కటీ అందకపోతే ప్యాకెట్ అసలే అందదు, తప్పు యాంటెన్నాలోనో కేబుల్‌లోనో ఉంది. అది అంది ప్యాకెట్ అందకపోతే స్క్వెల్చ్, లెవల్, ఫ్రేమ్ పొడవు, ఈ వరసలో వెతుకు. మాటలో ఒక వరస అంకె పెట్టు, అప్పుడే ఏ ఫ్రేమ్ దక్కిందో తెలుస్తుంది. మొదటి వారం లాగ్ నాకు పంపు: సెకన్లతో సహా సమయం, వరస అంకె, ఆడియో లెవల్, వంతు ఎవరిది. రెండు వైపులవీ కావాలి, ఒక వైపుదే పంపితే నేనేమీ చెప్పలేను.