మస్టాంగ్‌ను పోటీకి నిలబెడతానన్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నావనీ, దాన్ని బాగుచేయించి అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీ మైదానంలో నిలబెడతావనీ మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు, నా పిచ్చి వీడికీ అంటుకుందని గర్వంగా నవ్వాను. ఇంజనంతా క్రోమ్ పూతతో మెరిపిస్తానన్నావని కూడా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హెర్షీలో పాత కార్ల పోటీ నడిపే, 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా వారి లెక్క 400 మార్కులతో మొదలవుతుంది. అందంగా ఉన్నందుకు ఒక్క మార్కూ కలపరు. షోరూము నుంచి బయటికి వచ్చిననాటి రూపానికి తేడా కనిపించినా, భాగాలు పాడై ఉన్నా తీసేస్తూ పోతారు. బయటి భాగం, లోపలి భాగం, ఛాసీ అనే కింది చట్రం, ఇంజను విడివిడిగా చూస్తారు. తొలి మెట్టులో మొదటి బహుమతి కావాలంటే 365కు తగ్గకూడదు. తుడవడం, కడగడం గురించి నీకు చెప్పనక్కరలేదు.

నా మొదటి కారు కూడా 1965 మస్టాంగే, 289 ఘనపు అంగుళాల ఇంజనుది. ఫోర్డ్ ఇంజనంటే నీలమేనని పెయింటరు అన్నాడు. నేను నమ్మాను, ఎందుకంటే నీలం బాగుంది. అంతటితో ఆగక, మీ పెద్దమ్మ వద్దంటున్నా వినకుండా, ఇంజను పైన మూతల్లా ఉండే వాల్వ్ కవర్లకూ, గాలి వడగట్టే ఎయిర్ క్లీనర్‌కూ ముఖం చూసుకునేంతగా క్రోమ్ పూత వేయించాను. మైదానంలో ఇంజను జడ్జి చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కాగితం మీద రాసుకున్నాడు. ఆ ఏటి మామూలు 289 ఇంజనుకు బ్లాకు, అంటే ప్రధాన దిమ్మ, నలుపు, వాల్వ్ కవర్లూ ఎయిర్ క్లీనరూ బంగారు రంగు. అంతటా నీలం 1966 మోడల్‌తో వచ్చింది. ఆ సంగతి తెలియని నేను అతని వెంటపడి గట్టిగా వాదించాను. కంపెనీ కాగితం ఏదైనా ఉంటే చూపించమని అతను మర్యాదగా అడిగాడు, ఎందుకంటే అరుదైన అమరిక అసలైనదేనని రుజువు చేయవలసిన భారం యజమానిదే. నా జేబులో ఉన్నది క్రోమ్ పూతకు కట్టిన డబ్బు రసీదు ఒక్కటే. అప్పుడు పదేళ్ల పిల్లగా ఉన్న మీ అక్క, నా గొంతు విని సిగ్గుపడి, కారు చాటుకు వెళ్లి నిలబడింది. మార్కులు పోయినందుకు కాదు, ఆ దృశ్యం కోసమే ఇప్పటికీ బాధపడతాను. మరుసటి ఏడు జడ్జింగ్ పాఠాలకు వెళ్లి, కొన్నాళ్లు శిక్షణ జడ్జిగా జట్టు వెనకాల తిరిగాక తెలిసింది, వాళ్లంతా జీతం లేకుండా చేస్తున్నవాళ్లేనని. అందుకని నీ కోపాన్ని ఇంటి దగ్గరే వదిలి రా. నీది మా నాన్నగారి కోపమని నాకు తెలుసు.

మంటలార్పే సిలిండరు లేని కారును అసలు జడ్జి చేయరు. నియమం మాట అలా ఉంచు; పాత కార్బురేటరు పక్కన పెట్రోలు చెమ్మ చూశాక నాకు భయం పోలేదు. దాన్ని ఇప్పుడే కొను. జాకు ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరావని తెలిస్తే మాత్రం హెర్షీకి రాను. స్టాండ్లు పెట్టు, చక్రాలకు అడ్డు పెట్టు, ఇంట్లో ఒకరు ఉన్నప్పుడే పని చెయ్యి. నీకు ముప్ఫై ఏళ్లున్నా నాకు నువ్వు సైకిల్ మీంచి పడ్డ పిల్లవాడివే.

రంగు డబ్బా తెరవకముందు బానెట్ ఎత్తి, ఇంజనును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపు. బ్లాకు అడుగున, మోటు గుడ్డ చేరని మూలల్లో, జిడ్డు కింద పాత నలుపు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. నేను చూసేదాకా దాన్ని గీకవద్దు.

పెదనాన్న