మూడు వరసల చిన్న కారు కొనేముందు ఏం చూడాలి?

ఇంట్లో ఆరేడుగురు ఉన్నారు, పెద్ద బండి వద్దు, ఏది ఎంచుకోవాలి అని అడిగారు. ముందుగా మూడో వరసలో మీరే కూర్చుని చూడండి. ఇంట్లో అందరికన్నా పొడుగ్గా ఉన్నవాళ్లను రెండో వరసలో కూర్చోబెట్టి, వాళ్లకు సరిపడా సీటు జరిపాకే వెనక్కి ఎక్కండి. చిన్న బండ్లలో అక్కడ సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. మోకాళ్లు పైకి లేచి, తొడలు సీటుకు ఆనకుండా గాల్లో ఉంటే, పావుగంటకే నడుము పట్టేస్తుంది. పిల్లలకైతే ఫరవాలేదు, పెద్దవాళ్లను మాత్రం అక్కడ కూర్చోబెట్టకండి.

తర్వాత డిక్కీ. నాలుగు మీటర్ల లోపు ఉండే రెనో ట్రైబర్‌లో మూడు వరసలూ వేసి ఉంచితే మిగిలేది 84 లీటర్లే, అంటే రెండు చిన్న బ్యాగులు. దాదాపు 4.4 మీటర్ల ఎర్టిగాలో 209 లీటర్లు. పార్కింగ్‌కు చోటుంటే నేనైతే ఆ పొడవు వైపే మొగ్గుతాను.

కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, అంటే ప్రమాదంలో పక్క అద్దాల మీదుగా తెరలా విచ్చుకునేవి, మూడో వరస దాకా వస్తాయా, అక్కడ ప్రతి సీటుకూ భుజాన్నీ నడుమునూ పట్టి ఉంచే మూడు పాయింట్ల బెల్టు ఉందా అని తప్పకుండా అడగండి. ఇందులో రాజీ పడొద్దు. ఏసీ గాలి వెనక్కి అందాలి.

మనిషికి 65 కిలోల చొప్పున ఏడుగురంటే 455 కిలోలు. అందుకే టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లండి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ సత్తా తెలిసిపోతుంది. ఫుల్ లోడుకు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద చూసుకోండి.