టేబుల్ టెన్నిస్‌లో లూప్ కొడితే బంతి బయటికి పోతోందా? ముందు బ్లేడు మార్చు

తమ్ముడూ, రాయగడలో కార్బన్ బ్లేడు (కార్బన్ పొర ఉన్న బ్యాట్ చెక్క) కొన్నాక లూప్ (బంతిని బాగా ముందుకు తిప్పుతూ కొట్టే దెబ్బ) కొట్టినప్పుడల్లా బంతి టేబుల్ దాటిపోతోందన్నావు. నేర్చుకునే దశలో అది మామూలే. ఆ బ్లేడు వేగానికి, రబ్బరు పట్టుకునేలోపే బంతి ఎగిరిపోతుంది. ఐదు పొరల చెక్క బ్లేడు తీసుకో, స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్ లాంటిది. రెండు వైపులా యసాకా మార్క్ ఫైవ్ రబ్బరు, దాని కింద 2.0 మి.మీ. స్పాంజి చాలు. హరికేన్ 3 రబ్బరు జిగట భలే ఉంటుంది కానీ స్పాంజి గట్టిది, చెయ్యి వేగంగా తిరగకపోతే బంతి నెట్‌లోకే. బరంపురంలో నేను మొదట అదే వేయించుకుని భుజం నొప్పి తెచ్చుకున్నాను!

వానాకాలం మన వైపు రబ్బరుకి తేమ పట్టి బంతి జారుతుంది. ఆటయ్యాక తడి స్పాంజితో తుడిచి, ఆరనిచ్చి రబ్బరు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించు. చెమట చొక్కాకి మాత్రం తుడవకు.