2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి పడిపోలేదండీ, విడిపోయింది

కోవిడ్ తర్వాత కాకినాడ, రాజమండ్రి ఎలా కోలుకున్నాయో లెక్క కడుతూ మీరు రెండు అడిగారు: 2022 ఏప్రిల్ నుంచి జిల్లాలో బళ్ల రిజిస్ట్రేషన్లు ఎందుకు తగ్గాయి, గూగుల్ మొబిలిటీ (కోవిడ్ కాలంలో జనం రాకపోకలు ఎంత మారాయో చూపిన గూగుల్ లెక్కలు) బేస్‌లైన్‌ను, అంటే పోల్చడానికి పెట్టుకున్న మామూలు రోజుల విలువను, సంక్రాంతి పాడుచేస్తుందా అని.

మొదటిదానికి టెన్షన్ పడకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది. పేరు పాతదే, నేల వేరు. కాకినాడ, కోనసీమ వేరుపడ్డాయి. అలాగని మూడూ కూడేస్తే పాత జిల్లా రాదు. నేనూ అలా కూడేసి మా సార్ దగ్గర అక్షింతలు వేయించుకున్నాను. కొవ్వూరు, నిడదవోలు పశ్చిమ నుంచి ఇటొచ్చాయి, రంపచోడవరం అల్లూరి జిల్లాకు పోయింది. మండలాల వారీగా పట్టిక రాసుకుని పాత హద్దుల్లోకి సర్దండి. విసుగు పనే, తప్పదు. మండల లెక్కలు లేకపోతే ఆర్టీఓ ఆఫీసు వారీ లెక్కలు వెతకండి. నంబరు ప్లేటును నమ్ముకోవద్దు, 2019లో జిల్లాల కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది.

ఇక సంక్రాంతి. ఆ బేస్‌లైన్ 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 దాకా, ఒక్కో వారానికి (సోమ, మంగళ... ఇలా) ఉన్న అయిదు విలువల మధ్యగతం, అంటే వరుసలో పేరిస్తే నడిమిది. అయిదింట్లో పండగ రోజు ఒక్కటే, కాబట్టి పెద్దగా కదలదు. సగటైతే కదిలేది. అసలు చిక్కు 2021 జనవరిది: కోడిపందేలకు ఊళ్లొచ్చిన జనాన్ని కోలుకోవడం అనుకుంటారు. పండగ ఉన్న ఏడు రోజులకు డమ్మీ (ఆ రోజులకు 1, మిగతావాటికి 0 ఉండే కాలమ్) పెట్టండి.

అన్నట్టు, ఆ గూగుల్ లెక్కల్లో నివాసాల కాలమ్ ఇంట్లో గడిపిన సమయం, మిగతావి ఆయా చోట్లకు వచ్చిన జనం. వాటిని కలిపి సగటు తీయకండి.