పాగా చూసి కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ కథ చదివాను. 1912 నాటి కథ రాయడానికి పాత ఫోటోలూ పోస్టుకార్డులూ ముందేసుకుని కూర్చున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. అయితే మొదటి పేజీలోనే నీ హైదరాబాదు ఉద్యోగి 'నల్లటి రూమీ టోపీ', అదే కుచ్చు వేలాడే తుర్కీ టోపీ, పెట్టుకుని బగ్గీ దిగాడు. నేను అక్కడే ఆగిపోయాను. ఫోటోలో నల్లగా ఉంది కాబట్టి నువ్వూ నల్లగా రాశావు. అది ముదురెరుపు టోపీ అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఆ కాలంలో కెమెరాల్లో ఫిల్ముకి బదులు వాడిన గాజు ప్లేట్లు ఎరుపును సరిగా పట్టుకునేవి కావు. ఎర్రనిదల్లా నల్లగా పడేది, నీలం తెల్లగా తేలిపోయేది. పాత ఫోటోల్లో అమ్మమ్మల కుంకుమబొట్లు నల్లచుక్కల్లా ఉండటానికి కారణం అదే.

పోనీ రంగుల పోస్టుకార్డు చూసి రాద్దామా అంటే, దాన్ని అసలు నమ్మకూడదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దగ్గర అమ్మిన బొమ్మల కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయి వచ్చినవే. నలుపు తెలుపు ఫోటో మీద రంగులద్దినవాడు మద్రాసు మొహం కూడా చూసి ఉండడు. తలపాగాకి ఆకుపచ్చ, చీరకి గులాబీ, తనకి ఏది తోస్తే అది వేశాడు. కాబట్టి ఆకారాన్ని నమ్ము, మడతల్ని నమ్ము. రంగు మాత్రం ఏ మ్యూజియంలోనో దాచిన అసలు టోపీని చూసి తెలుసుకో.

రంగు సంగతి చిన్నదే. అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. నువ్వు టోపీలనీ పాగాలనీ అలంకారంగా రాస్తున్నావు. తల మీద గుడ్డ ఆ మనిషి రోజంతా ఎలా గడిచిందో చెబుతుంది, నువ్వు దాన్ని చదవడం లేదు.

నా దగ్గర ఒక తాలూకా ఆఫీసు గ్రూప్ ఫోటో ఉంది. మధ్య కుర్చీలో తాసిల్దారు, జరీ అంచు తలపాగా. వెనక నిలబడ్డ గుమాస్తాల్లో కొందరికి పాగాలు, కొందరికి ఫోటోలో నల్లగా కనిపించే గుండ్రటి టోపీలు. రెండు చివరలా బిళ్ళ బంట్రోతులు. అందరికంటే నీటుగా చుట్టిన పాగాలు వాళ్ళవే. కుడివైపు చిట్టచివర మాత్రం ఒకతను తల మీద ఏమీ లేకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భూతద్దం పెట్టి చూస్తే అతని నుదుటి మీద అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. గీతకి పైన చర్మం లేత, కింద బాగా నలుపు. ఫోటో కోసం తలగుడ్డ తీశాడు, లేదా తీయించారు. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగిన గుర్తు మాత్రం పోలేదు. భూమి కొలిచే సర్వే గొలుసు మోసేవాడేమోనని నా అనుమానం. ఆ ఫోటోలో నాకు కథ కనిపించింది అతని నుదుటి మీదే.

తెలంగాణ పల్లెలో రుమాలన్నా, కోస్తాలో తలగుడ్డ అన్నా, ఆ నాలుగు మూరల గుడ్డతో రైతు చేసుకోని పని లేదు. చెమట తుడుచుకుంటాడు. బరువెత్తాలంటే మడిచి నెత్తిన వేసుకుంటాడు. చెట్టుకింద నడుం వాల్చితే అదే తలగడ, చలేస్తే అదే కప్పుకునే గుడ్డ. బావి దగ్గర చేంతాడు పొట్టిదైతే దానికి ముడేస్తాడు. సంతకి వెళ్తూ చిల్లర డబ్బులు ఆ కొంగునే ముడివేస్తాడు. సగం కాల్చి ఆర్పిన చుట్టముక్క మడతలో దోపుకుంటాడు. నీ కథలో రైతు పొద్దుటి నుంచి రాత్రి దాకా పాగా చుట్టుకునే ఉన్నాడు, దాన్ని ఒక్కసారి కూడా వాడుకోలేదు. ఫోటో చూసి రాసినట్టు తెలిసిపోయేది ఇక్కడే.

మర్యాద సంగతి కూడా ఆలోచించు. ఇంగ్లండులో పెద్దల ఎదుట టోపీ తీయడం మర్యాద. ఆ రోజుల్లో మన పెద్దమనిషి సర్కారు కచేరీకి వెళ్తే పాగా ఉండాలి, చెప్పులు వదలాలి. అదే పాలేరు కామందు ముందుకొస్తే తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి. ఒకే గుడ్డ ఒకరికి ఉంచుకుంటే మర్యాద, ఇంకొకరికి తీస్తే మర్యాద. ఈ అన్యాయం నీ కథకి గుండెకాయ కావాలి. ఇప్పుడు ఒక్క వాక్యంలో వచ్చి పోతోంది.

తల చూసి కాలం కూడా పట్టుకోవచ్చు. గాంధీగారి ఫోటోలు వరసగా పెట్టుకో. 1893లో డర్బన్ కోర్టులో పాగా తీయమంటే తీయకుండా బయటికి నడిచిన యువ లాయరు ఆయన. 1915లో దేశానికి తిరిగొచ్చినప్పుడు కాఠియావాడీ పాగా. 1920 నాటికి తెల్ల ఖద్దరు టోపీ. 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి కట్టినప్పుడు ఆ టోపీ కూడా వదిలేశాడు. ఆయన పెట్టుకున్నది కొద్దికాలమే అయినా, లక్షల మంది తలలకు అది ఎక్కింది. నీ మూడో అధ్యాయంలో బెజవాడ స్టేషన్లో గాంధీ టోపీతో ఒక కుర్రాడు నీళ్ళు అందిస్తున్నాడు. 1912లో అతనికి ఆ టోపీ ఎక్కడిది? తీసెయ్.

ఆడవాళ్ళ తలల గురించి రాస్తే జడలూ పూలూ తప్ప ఏమీ రాయలేదు నువ్వు. వీధుల కార్డుల్లో అంచుల దగ్గర చూడు. కెమెరా సంగతి పట్టించుకోకుండా తమ దారిన పోతున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. నెత్తిన గంప, కుండ, కట్టెలమోపు, వాటి కింద చుట్టకుదురు. నీళ్ళకుండ ఎత్తుకున్న మనిషి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పదు. కళ్ళు తిప్పుతుంది, లేదా ఒళ్ళంతా తిప్పుతుంది. నీ కథలో కుండ నెత్తిన పెట్టుకున్న అమ్మాయి 'తల పంకించింది'. నీళ్ళు ఒలికిపోతాయి కదమ్మా!

ఇక కార్డుల మీద 'మంగలి', 'ఆయా', 'నీళ్ళు మోసేవాడు' అని అచ్చేసి ఉంటుంది. కులమో పనో తప్ప పేరు ఉండదు. వాటిలో చాలా బొమ్మలు స్టూడియోలో నిలబెట్టి తీసినవి. మంగలి గడ్డం గీస్తుంటే వెనక పరదా మీద పాలరాతి మెట్లు కనిపిస్తాయి. స్టూడియోల్లో కోట్లు, టోపీలు అరువిచ్చేవారు కూడా. అందుకే టోపీ తలకి సరిపోయిందా, చెవుల మీదకి జారిందా అన్నది గమనించు. పేరు పెట్టడం మాత్రం నీ బాధ్యత. ఆ మంగలికి పేరుండాలి, ఇల్లుండాలి, తీర్చాల్సిన అప్పుండాలి.

కార్డు వెనకవైపు తప్పకుండా చూడు. చిరునామాకీ ఉత్తరానికీ మధ్య నిలువు గీత ఉందా? బ్రిటన్‌లో రెండూ ఒకే వైపు రాయడానికి 1902లో అనుమతిచ్చారు, అమెరికాలో 1907లో. అంతకుముందు కబురంతా బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించి రాసేవారు. నువ్వు పంపిన మౌంట్ రోడ్డు కార్డుకి ముందువైపే స్కాన్ ఉంది. వెనకవైపు కూడా తీసి, మూడో అధ్యాయం తిరగరాసినదాంతో కలిపి పంపు. తాసిల్దారు ఆఫీసు ఫోటో కాపీ నీకు పోస్టు చేస్తున్నాను, భూతద్దం నువ్వే కొనుక్కో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు