గ్యాస్ మాత్రతో తగ్గుతోంది కదా, ఎండోస్కోపీ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 48. ఆరు నెలలుగా కడుపు పైభాగంలో మంట, ఉబ్బరం. కొంచెం తినగానే కడుపు నిండిపోతోంది. గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. మా నాన్నగారు జీర్ణాశయ క్యాన్సర్‌తో పోయారు, నాకూ అదేనేమోనని భయంగా ఉంది. ఈమధ్య రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చిందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఎండోస్కోపీ తప్పదంటారా? - ఒక పాఠకుడు

జవాబు: గ్యాస్ గురించి అంత వివరంగా రాసి, హిమోగ్లోబిన్ సంగతి చివర్లో ఒక్క మాటలో తేల్చేశారు. నన్ను ఆపింది ఆ ఒక్క మాటే. మగవాళ్లలో హిమోగ్లోబిన్ 13కి తగ్గకూడదు. మీకు 9.4 ఉంది. ఇది ఐరన్ లోపం వల్లేనని తేలితే, లోపల ఎక్కడో రక్తం కొద్దికొద్దిగా పోతోందేమో చూడాలి. అది చూడకుండా ఐరన్ మాత్రలు వేసుకోవడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. కాబట్టి ఎండోస్కోపీ (నోటి గుండా సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూడటం) తప్పదు, ఆలస్యమూ వద్దు. అందులో కారణం దొరక్కపోతే పెద్దపేగు కూడా పరీక్షించాల్సి ఉంటుంది.

అలాగని క్యాన్సరే అని నేను అనడం లేదు. అల్సర్ అయినా ఇలాగే ఉంటుంది. మోకాళ్ల నొప్పులకో తలనొప్పికో తరచూ నొప్పి మాత్రలు వాడుతుంటే అవే పుండ్లు పుట్టించవచ్చు. మీరు రాయలేదు గానీ, వాడుతుంటే మీ డాక్టర్‌కి తప్పక చెప్పండి.

మాత్రతో తగ్గింది కాబట్టి పెద్ద జబ్బేమీ కాదన్న నమ్మకమే చాలామందిని ముంచుతుంది. ఆ మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే క్యాన్సర్ పుండు నొప్పి కూడా కొన్నాళ్లు సద్దుమణుగుతుంది, పుండు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఈ జబ్బు మొదట్లో అజీర్తి వేషంలోనే వస్తుంది. కొంచెం తినగానే నిండిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగేటప్పుడు అడ్డుపడటం, ఆగని వాంతులు, రక్తహీనత... వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఇక మాత్రలతో కాలం గడపకూడదు. మీకు రెండున్నాయి.

ఇక నాన్నగారి విషయం. తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఒకరికి ఈ క్యాన్సర్ వస్తే మిగతావాళ్లకు ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అయితే సీడీహెచ్1 లాంటి జన్యులోపం తరతరాలుగా వచ్చే కుటుంబాలు చాలా అరుదు. ఎక్కువ కేసుల్లో అసలు ముద్దాయి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. సాధారణంగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే సోకుతుంది. అల్సర్లకు ఇదే మూలమని చెబితే మొదట్లో నమ్మినవాళ్లు తక్కువ. దాంతో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ 1984లో ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లోనే ఆయన జీర్ణాశయం వాచింది. (ఈ ప్రయోగం మీరెవరూ చేయకండి!) 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఈ బ్యాక్టీరియా ఉన్న వందమందిలో క్యాన్సర్ దాకా వెళ్లేది ఒకరిద్దరో ముగ్గురో. పొగతాగడం, ఉప్పులో నిల్వచేసినవీ పొగబెట్టినవీ ఎక్కువగా తినడం ఆ ముప్పును పెంచుతాయి.

ఎండోస్కోపీకి భయపడాల్సిందేమీ లేదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్తారు, గొంతుకు మత్తు స్ప్రే కొడతారు, లోపల చూసే పని మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అనుమానం ఉన్నచోట చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపుతారు. మీరు వాడే గ్యాస్ మాత్ర వల్ల బ్యాక్టీరియా ఉన్నా కనబడకపోవచ్చు, కాబట్టి ఎప్పుడు ఆపాలో ముందే అడగండి. బ్యాక్టీరియా తేలితే సాధారణంగా 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు. మధ్యలో మానకూడదు. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, పోయిందో లేదో పరీక్షించాలి.

ఒకవేళ క్యాన్సరే అని తేలినా, లోపలి పొరకే పరిమితమైన దశలో దొరికితే కొందరికి కోత లేకుండా ఎండోస్కోపీతోనే తీసేయవచ్చు. ఆ దశలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. కాస్త ముదిరితే కీమో, ఆపరేషన్ కలిపి చేస్తారు. జీర్ణాశయం కొంత గానీ మొత్తం గానీ తీసేయాల్సి రావచ్చు. జీర్ణాశయం లేకుండా ఎలా బతుకుతారని చాలామంది అడుగుతారు. బతుకుతారు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, మొత్తం తీసేస్తే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం వేయించుకోవాలి. ఇతర భాగాలకు పాకిన దశలో కణితిపై హెర్2 (కణితి పెరగడానికి తోడ్పడే ఒక ప్రొటీన్) లాంటి పరీక్షలు చేసి, దానికి తగిన మందులు ఎంచుకుంటారు. అక్కడ లక్ష్యం జబ్బును అదుపులో ఉంచడమే.

మరో మాట. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు మలం నల్లగా రావడం మామూలే. కానీ తారులా జిగటగా, భరించలేని దుర్వాసనతో వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, కళ్లు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.